శనివారపోళ్లు

బడిల హాజరు పిలిచేటప్పుడు
"శనివారపు ఉప్పలయ్య" అనంగనే
వెనుక బెంచి మీద కెల్లి ఒకడు
"ఇయ్యాల మంగళారం సార్" అనేటోడు.
నవ్వులు అయిపోయేదాక నిలబడి
"ఉన్న సార్" అనేటోణ్ని.

మాది కాజీపేట. దర్గాకు పోయే తొవ్వ మలుపుల
నూనె గానుగ.
ఎద్దు పోయి మోటరొచ్చినా
బోర్డు మీద ఎద్దు తిరుగుతనే ఉన్నది.
ఆ బోర్డు కిందికి శుక్రారం శుక్రారం
డ్యూటీ దిగి ఒక గార్డు సారొచ్చేది.
మెడకు సుతిలి కట్టిన సీసా,
పావు లీటరు నువ్వుల నూనె, గంతే.
పొద్దు గూకకముందే ఇల్లు చేరాలన్నట్టు
చిల్లర లెక్కపెట్టకుండనే నడిచేది.

పేరు ఎలీజా నౌగావ్కర్.
రైల్వే రిజిస్టర్ల మొదటి సగం జూసి క్లర్కు
క్రిస్టియన్ అని రాసిండు.
రెండో సగం జూసి క్వార్టర్ల పక్కింటాయన
మరాఠా అన్నడు.
డిసెంబర్ల కేకొచ్చేది, రంజాన్‌కు షీర్‌ఖుర్మా వచ్చేది,
గణపతి చందాకు పిలగాండ్లు వచ్చేటోళ్లు.
ఆయన పండుగ ఏ దినమో
అడిగినోడు లేడు.

ఒకనాడు బోర్డు దిక్కు జూసి
ఉర్దూల అడిగిండు, ఆ రాసింది ఏందని.
సగం దులుపుకుంట చదివి చెప్పిన:
శనివారపు వారి నూనె గానుగ.
"శనివార్?"
సీసా బల్ల మీద పెట్టిండు.
"శనివారం నాడు మీ షట్టర్ ఎత్తరు.
నేను చూస్తనే ఉన్న, ఏడాది సంది."

సముద్రం పక్కన వాళ్ల ఊరట.
తాత ముత్తాతలు నూనె తీసేటోళ్లట.
ఆ ఒక్క దినం పని ముట్టొద్దని వాళ్ల దేవుని మాటట.
అందుకని చుట్టుపక్కలోళ్లు పెట్టిన పేరు
శనివార్ తేలీ.
"మీరూ…" అని ఆగిండు.
ఆ దీర్ఘం
గానుగ రోకలోలె మెల్లగ తిరిగింది.

లోపలికి ఉరికిన.
బుచ్చవ్వ చాట్ల నువ్వులు చెరుగుతున్నది.
"అవ్వా, శనారం మనం ఎందుకు బందు పెడ్తం?"
"శనారం నూనె ఎవడు కొంటడురా,
శనిని సంకనెత్తుకొని ఇంటికి తెచ్చుకున్నట్టే.
గిరాకి లేని నాడు తిప్పితె
ఎద్దుకు కుడితి దండుగ."
"మరి మన పేరు?"
"శనిగరం కెల్లి వచ్చినోళ్లమంటరు.
శనిగరపోళ్లు, శనిగరపోళ్లు అనంగ అనంగ
పట్వారి చేతుల గట్ల పడ్డదేమో.
నేనేమన్న రాసిన్నా?"

బయట ఆయన టోపీ తీసి చేతుల పట్టుకున్నడు.
అప్పటికి నాకు పన్నెండేండ్లు.
అబద్ధం ఆడుడు ఎరుకే గని
గంత పెద్దది ఎన్నడు ఆడలే.
నిజం చెప్పుడు అంతకన్న పెద్దగ కనవడ్డది.
"అవ్వ పండుకున్నది సార్" అన్న.

మళ్ల అడగలే ఆయన.
నాలుగేండ్లు, పోయేటప్పుడు మాత్రం
షట్టర్ దిక్కు తిరిగి మెల్లగ
"షబ్బాత్ షాలోమ్" అనేది.
నాకన్నడో, ఇనుప రేకుకన్నడో.
"మంచిది సార్" అనేటోణ్ని,
నూనె చేతులు లుంగీకి తుడుచుకుంట.

ఆయన ఇంటిపేరుకు అర్థం
రిటైరయి పోయినంక ఎవరో చెప్పిండ్రు.
నౌగావ్ వాళ్ల ఊరట.
ఊరు, దానెంక ఒక తోక.
దేవుని జాడ అండ్ల ఎక్కడా లేదు.
దేవుని దినం మోసే పేరు నాది,
ఆ దేవుడెవరో నాకు తెల్వదు.

మొన్న కరీంనగర్ బస్సుల పోతున్న.
చెరువు కట్ట కనవడ్డది, నీళ్ల మీద ఎండ.
కండక్టరు డోరు కాడ నిలబడి
"శనిగరపోళ్లు ఉన్నరా" అని కేకేసిండు.
సగం లేచిన.
"ఉన్న సార్" నోటి దాక వచ్చింది.
టికెట్ జూసుకొని
కూసున్న.